కోల్మన్స్‌కోప్‌కు ఫొటో పర్మిట్ తీసుకోవాలా, మామూలు టికెట్ చాలా?

తిరుచానూరు_చక్రం: తిరుపతి నుంచి ఇద్దరం నమీబియా పోతా ఉండాం. లూడెరిట్స్ అనే ఊళ్లో ఉండేది ఒక్క పూటే. అక్కడికి పది కిలోమీటర్లలో ఎడారి ఇసుక మింగేసిన వజ్రాల ఊరు కోల్మన్స్‌కోప్ చూడాల. ఏ టికెట్ తీసుకోమంటారు?

పలమనేరు_లెన్స్: ఫొటో పర్మిట్టే తీసుకోండన్నా, ముందురోజే లూడెరిట్స్‌లో. మామూలు టికెట్‌కు మధ్యాహ్నం ఒంటిగంటకే గేటు మూస్తారు. పర్మిట్ ఉంటే తెల్లారేసరికి లోపలుండొచ్చు. ఎండ వాలుగా కిటికీల్లోంచి పడితేనే ఇసుక మీద గీతలు తేలతాయి. లోపల చీకటి, బయట వెలుతురు, కాబట్టి ఒకే ఫ్రేము రెండేసి స్టాపుల (వెలుతురు కొలత) తేడాతో మూడు తీయండి. గాలి లేస్తే లెన్స్ మార్చొద్దు. వైడ్ లెన్స్ ఒకటి తగిలించి వదిలేయండి. దుమ్ము పడితే ముందు బ్లోయర్‌తో ఊదాల, గుడ్డతో తుడిస్తే అద్దం గీసుకుపోతుంది.

కుప్పం_రాయి: 9:30 గైడుతో పొయ్యేదే మేలు. ఊరు ఎట్ల పుట్టిందో తెలీకుండా గోడలు చూసి ఏం లాభం?

పలమనేరు_లెన్స్: గైడు వెంటపడితే ప్రతి గదిలో ఇరవైమంది అడుగులు. ఇసుకలో ఒక్క అడుగు పడినా ఫ్రేము పాడు.

అలిపిరి_మెట్టు: గాలి ఆపే జాకెట్ ఒకటి పెట్టుకోండి. పక్కన చల్లటి సముద్రం, పొద్దున పొగమంచు ఉంటుంది.

కుప్పం_రాయి: అడుగులు, అడుగులు! ఇసుక కింద కుళ్ళిన పలక ఉండాదో లేదో చెప్పేదెవరు? గోడ పక్కన, పలకల కింద దూలం ఉండే చోట, మేకుల వరస చూసుకుని దాని మీదే నడవాల. మెట్లెక్కొద్దు. చీకట్లో గోధుమరంగు హైనాలు తిరిగే చోటది. నేలమీద మెరిసే రాయి కనపడినా తియ్యొద్దు, అది నేరం.

పలమనేరు_లెన్స్: అవన్నీ గేటు దగ్గరే చెప్తారు. అడిగింది టికెట్ గురించి.

కుప్పం_రాయి: టికెట్ గురించే చెప్తా ఉండా. 1908లో పట్టాల మీద ఇసుక తీస్తా మొదటి వజ్రం చూసినోడు జకరియాస్ లెవాలా. లాభం దక్కింది ఆయన పై అధికారి ఆగస్ట్ స్టౌక్‌కు. ఆ ఊళ్లో ఆసుపత్రి, ఐస్ ఫ్యాక్టరీ, నాట్యశాల పెట్టినారు. ఎక్స్‌రే యంత్రం తెచ్చి, కూలీలు వజ్రాలు మింగినారేమోనని కూడా చూసినారు. మీరు తీసే ఫొటోలో ఆ కూలీ యాడుండాడు?

పలమనేరు_లెన్స్: అంటే ఫొటో తీసినోళ్లంతా రాతిగుండెవాళ్లా? ఊరకే మాటలు పడేదానికి లేము.

కుప్పం_రాయి: మీరొక్కరనే కాదు. లూడెరిట్స్‌లోనే షార్క్ ఐలాండ్ ఉంది, జర్మన్ల కాలంలో హెరెరో, నామా అనే అక్కడి తెగల ఖైదీలు చచ్చిన శిబిరం. ఇప్పుడక్కడ టెంట్లేసి పడుకుంటారు. అందంగుండాదని పోయినోళ్లకు ఎవరూ చెప్పకపోతే అట్లే అవుతాది. రేపు కేజీఎఫ్ (కోలార్ బంగారు గనులు)కు, మా కుప్పం పక్క చిగురుగుంట బంగారు గనికి ఇదే గతి పడుతుంది.

పలమనేరు_లెన్స్: ఆ, అదీ మీ బాధ! ముందే చెప్పుంటే సరిపోయేది. కానీ రెండూ ఒకటి కాదు. కోల్మన్స్‌కోప్‌లో కూలీలు పొట్టమీద పాకతా ఇసుకపైనే వజ్రాలు ఏరినారు, లోతు బావులు లేవు. ఇంకా దక్షిణాన పెద్ద నిక్షేపాలు దొరికి, 1956కు ఊరు ఖాళీ. కేజీఎఫ్ మూడు కిలోమీటర్ల లోతు దాటింది. 2001లో మూసి పంపులు ఆపేసినాక నీళ్లు నిండినాయి, బంగారం తీసినాక మిగిలిన సయనైడ్ మట్టి దిబ్బల దుమ్ము ఇప్పటికీ లేస్తాది. అక్కడ టికెట్ పెట్టమని నేనూ అనను.

కుప్పం_రాయి: దుమ్ము ఒక్కటే కాదు. కేజీఎఫ్‌లో జనం ఇంకా కాపురాలుండారు. ఊపిరితిత్తులు పోగొట్టుకున్నోళ్ల వీధిని చూడ్డానికి పోతే వాళ్లను అడిగి పోవాల. అక్కడ గైడు ఆ కార్మికుడే ఉండాల, టికెట్ డబ్బు ఆయనకే పోవాల. అట్లయితే నాకు అభ్యంతరం లేదు.

పలమనేరు_లెన్స్: అది ఒప్పుకుంటా. కానీ కోల్మన్స్‌కోప్‌లో తెల్లారేసరికి ఉండకపోతే పోయిందే దండగ.

అలిపిరి_మెట్టు: రెండూ కుదురుతాయి గదా? తెల్లారేసరికి పర్మిట్‌తో, 9:30కు గైడుతో.

తిరుచానూరు_చక్రం: అట్లే చేస్తాం. పెట్రోల్ యాడ పోసుకోవాల?

కుప్పం_రాయి: లూడెరిట్స్‌కు పొయ్యే దారిలో ఔస్ అనే ఊళ్లో నింపుకోండి. అక్కడి నుంచి లూడెరిట్స్ దాకా 125 కిలోమీటర్లు బంకు లేదు. మధ్యాహ్నం గాలికి రోడ్డు మీద ఇసుక మేటలు వేస్తాది, స్పీడు తగ్గించండి. షార్క్ ఐలాండ్‌కు పోతే ఆ ఖైదీల స్మారకం దగ్గర ఆగండి.