లీగ్‌లో 17వ స్థానం, చేతిలో యూరోపా కప్పు: పోస్టెకోగ్లూని తీసేయడం న్యాయమేనా?

కాకినాడ స్పర్:
ఎన్నాళ్ళైనా ఈ విషయం నాకు మింగుడుపడటం లేదండి, అందుకే చర్చకు పెడుతున్నాను. 2025 మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ని 1-0తో ఓడించి మా టాటెన్‌హామ్ (స్పర్స్) యూరోపా లీగ్ గెలిచింది. 2008 లీగ్ కప్ తరవాత మాకు దక్కిన మొదటి ట్రోఫీ అది. దాంతోపాటు ఛాంపియన్స్ లీగ్‌లో చోటు. సరిగ్గా పదహారు రోజులకి, జూన్ 6న, మేనేజర్ ఆంజ్ పోస్టెకోగ్లూని పంపేశారు. ప్రీమియర్ లీగ్‌లో 17వ స్థానం, 38 పాయింట్లు, 22 ఓటములు. అదీ ఆయన మీద నేరం.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆ సీజన్‌లో జట్టు ఆడినవి మొత్తం 60 మ్యాచ్‌లు. లీగ్ 38, యూరోపా 15, లీగ్ కప్ 5, ఎఫ్ఏ కప్ 2. డిఫెన్స్ మధ్యలో ఆడే (సెంటర్‌బ్యాక్) రొమేరో, వాన్ డె వెన్ ఇద్దరూ నెలల తరబడి లేరు. గోల్‌కీపర్ వికారియో చీలమండ విరిగి రెండు నెలలు పైగా దూరమయ్యాడు. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే పద్దెనిమిదేళ్ళ ఆర్చీ గ్రేని సెంటర్‌బ్యాక్‌గా నిలబెట్టాల్సి వచ్చింది. డిఫెన్స్‌కి సాయం కావాలంటే డాన్సో ఫిబ్రవరిలోగానీ రాలేదు. చేతిలో ఉన్న పదకొండు మందినే గురువారం యూరోపా మ్యాచ్‌కీ ఆదివారం లీగ్ మ్యాచ్‌కీ పంచుకోవాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి కదండీ. లీగ్ వదిలాడు, కప్పు తెచ్చాడు. తప్పేంటో చెప్పండి.

గాజువాక గూనర్:
గురూ, ఆర్సెనల్ అభిమానిని, శత్రువునైనా నిజం చెప్తాను. లీగ్ వదిలేయడం మీవాడి ధైర్యం కాదు, ఆ ఏడాది మీ అదృష్టం. కింది డివిజన్‌కి పడిపోయిన మూడు జట్లలో మెరుగైనది లెస్టర్. వాళ్ళకొచ్చింది 25 పాయింట్లు. మీకూ వాళ్ళకీ మధ్య 13 పాయింట్ల ఖాళీ ఉంది. మామూలు సీజన్‌లో 38 పాయింట్లతో మే నెలలో ఉంటే గురువారం గురించి ఆలోచించే తీరిక ఎవడికుంటుంది?

ఇంకోటి. గాయాల లెక్క ఎక్కువగా పెరిగింది నవంబరు మధ్య నుంచి. అక్టోబరు 27న క్రిస్టల్ ప్యాలెస్‌కి ఆ సీజన్ లీగ్‌లో మొదటి గెలుపు ఇచ్చింది ఎవరు? మీరే. నవంబరు 10న ఇప్స్‌విచ్‌కి మొదటి గెలుపు ఇచ్చింది ఎవరు? మళ్ళీ మీరే, అదీ మీ సొంత మైదానంలో. దానధర్మాలకి కూడా ఓ హద్దుంటుంది.

కాకినాడ స్పర్:
ఆ రెండూ ఏ రోజు ఆడామో చూశారా? రెండూ ఆదివారాలే. ప్యాలెస్ మ్యాచ్‌కి మూడు రోజుల ముందు ఏజెడ్‌తో, ఇప్స్‌విచ్ మ్యాచ్‌కి మూడు రోజుల ముందు ఇస్తాంబుల్ వెళ్ళి గలటసరాయ్‌తో ఆడొచ్చారు. మీరు ఇచ్చిన ఉదాహరణలు నా వాదనకే బలం.

గాజువాక గూనర్:
ఏజెడ్‌తో ఆడింది లండన్‌లోనే కదా గురూ. విమానం కూడా ఎక్కలేదు.

ఉప్పల్ రెడ్:
నేను యునైటెడ్ ఫ్యాన్‌ని. ఆ ఫైనల్ల ఓడిపోయినోళ్ళం మేమే, కాబట్టి నా మాట చేదుగ ఉంటే ఏమనుకోకుండ్రి. లీగ్‌ల మేము 15, 42 పాయింట్లు. అంటే ఆ రాత్రి రెండు జట్లూ లీగ్‌ని గాలికొదిలి అక్కడికొచ్చినయ్. ఓడిన మా కోచ్ అమోరిమ్ కొలువు ఆ ఎండాకాలం నిలబడ్డది, గెలిచిన ఆయనది పోయింది. గిది చూసి నవ్వాల్నా ఏడ్వాల్నా తెలుస్తలేదు.

కానీ కాకినాడ అన్నా, కప్పు చూసి కోచ్‌ని ఉంచుకుంటే ఏమైతదో మాకెరుక. 2024ల టెన్ హాగ్ లీగ్‌ల ఎనిమిదో స్థానంల ఉండి ఎఫ్ఏ కప్ గెలిచిండు. గదీ మాంచెస్టర్ సిటీ మీద గెలిచిండు గదా అని మేనేజ్‌మెంట్ మెత్తబడ్డది. ఉంచిన్రు. అక్టోబర్ 28కి తీసేసిన్రు. ఆ ఎండాకాలం ఆయన అడిగిన ఆటగాళ్ళకే పైసలన్నీ పెట్టినంక! కొత్త కోచ్ వచ్చేసరికి నవంబర్ వచ్చింది. 2016ల వాన్ హాల్‌ని మాత్రం కప్పు గెలిచిన రెండు రోజులకే పంపిన్రు. మర్యాద లేదు అని అందరు తిట్టిన్రు, నేను గూడ. ఇప్పుడైతే గదే నయమనిపిస్తది.

రాత్రి ఒంటిగంటన్నర:
స్పర్స్ అభిమానికి యునైటెడ్ దాకా ఎందుకు, వాళ్ళ ఇంట్లోనే ఉంది కథ. 2008లో ఆ లీగ్ కప్ తెచ్చిన హువాండే రామోస్‌ని ఉంచుకున్నారు. అదే ఏడాది అక్టోబరుకల్లా ఎనిమిది లీగ్ మ్యాచ్‌లు, రెండు పాయింట్లు, ఇక సెలవు. అప్పుడూ ఇప్పుడూ క్లబ్ ఛైర్మన్‌గా ఉండి తీసేసిన లెవీకి అది గుర్తుండే ఉంటుంది.

పెన్నూ కాగితం:
క్లబ్ తీసేసినప్పుడు ఇచ్చిన ప్రకటనలో ఓ లెక్క ఉంది: చివరి 66 లీగ్ మ్యాచ్‌ల్లో 78 పాయింట్లు. చాలామంది దాన్ని చదివి వదిలేశారు. కాస్త విప్పి చూద్దాం.

2023-24లో ఆంజ్ మొదటి సీజన్. మొదటి పది మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలుపులు, రెండు డ్రాలు, 26 పాయింట్లు. సీజన్ ముగిసేసరికి 66 పాయింట్లు, ఐదో స్థానం. అంటే మిగతా 28 మ్యాచ్‌ల్లో వచ్చినవి 40. వాటికి రెండో సీజన్ 38 మ్యాచ్‌లు, 38 పాయింట్లు కలపండి. 66 మ్యాచ్‌లు, 78 పాయింట్లు. క్లబ్ ఆ తొలి పది మ్యాచ్‌లని తెలివిగా పక్కకి తీసేసిందని ఆంజ్ అభిమానులు అంటారు, నిజమే. అయినా ఆ 28 మ్యాచ్‌ల సగటుతో 38 ఆడితే 54 పాయింట్లు దాటవు. ఐదో స్థానానికి అది చాలదు.

అసలు సంగతి వేరే. ఆ మొదటి సీజన్‌లో స్పర్స్‌కి యూరప్ పోటీయే లేదు. లీగ్ కప్‌లో ఫుల్‌హామ్ చేతిలో మొదటి మ్యాచ్‌కే ఇంటికొచ్చారు. ఎఫ్ఏ కప్‌లో రెండే మ్యాచ్‌లు. మొత్తం 41. అరవైతో పోలిస్తే సెలవులే. మరి ఆ 41 మ్యాచ్‌ల సీజన్‌లో గాయాలెందుకు వచ్చాయి? 2023 నవంబరు 6న చెల్సీతో మ్యాచ్ గుర్తుందా? రొమేరో, ఉడోగీ రెడ్ కార్డులు, వాన్ డె వెన్‌కి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) గాయం, మ్యాడిసన్‌కి చీలమండ గాయం. తొమ్మిది మందితో మిగిలి కూడా డిఫెన్స్ లైన్‌ని మైదానం మధ్యకే తెచ్చి నిలబెట్టారు. 4-1తో ఓడారు. అప్పటికి గురువారం మ్యాచ్‌లనే మాటే లేదు. రద్దీ ఒక్కటే కారణమైతే ఆ సీజన్ వేరేగా ఉండాలి.

ఫిజియో అక్క:
నేను ఫిజియోథెరపిస్టుని. కబడ్డీ, అథ్లెటిక్స్ పిల్లలతో పని. పెన్నూ కాగితం గారు సరైన చోట వేలు పెట్టారు, కానీ రద్దీకి అంత సులువుగా క్లీన్ చిట్ ఇవ్వకండి.

హ్యామ్‌స్ట్రింగ్ ఎక్కువగా చిరిగేది పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడే. లైన్ ముందుకు జరిపితే వెనక బోలెడంత ఖాళీ. బంతి పైనుంచి వెళ్ళిన ప్రతిసారీ సెంటర్‌బ్యాక్ తిరిగి గోల్ వైపు ప్రాణం పెట్టి పరిగెత్తాలి. వాన్ డె వెన్ వేగం వల్లే ఆ పద్ధతి నిలబడింది, ఆ వేగమే అతని తొడ కండరాన్ని తినేసింది. అలసట దీనికి తోడైతే కండరం స్పందించే తీరు మందగిస్తుంది. ఆట తీరు, రద్దీ రెండూ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి, కూడుకోవు.

నాకు కోపం తెప్పించేది మాత్రం 2024 డిసెంబరు 8. గాయాల నుంచి అప్పుడే కోలుకున్న రొమేరో, వాన్ డె వెన్ ఇద్దర్నీ ఒకే రోజు, చెల్సీ మీద, మొదటి పదకొండులో దింపారు. రొమేరో పావుగంటకే బయటికి. వాన్ డె వెన్ చివరి పదిహేను నిమిషాల్లో. 2-0 నుంచి 3-4కి ఓడిపోయారు. పాత గాయం ఉన్న కండరం మళ్ళీ దెబ్బతినే ప్రమాదం ఎప్పుడూ ఎక్కువే. ఆ పని షెడ్యూల్‌ది కాదు, వాళ్ళని ఆడించొచ్చని ఎవరో సంతకం పెట్టారు. కింద కుర్చీ ఊగుతున్న మేనేజర్ "ఈ ఆదివారం గెలవకపోతే నేనుండను" అనుకుంటే వైద్య సిబ్బంది మాట ఎంత వరకు చెల్లుతుంది? నా దగ్గరికొచ్చే జిల్లా స్థాయి కోచ్‌లే వినరు. అక్కడ కోట్ల పౌండ్లు.

కాకినాడ స్పర్:
అక్కా, అందుకే అంటున్నాను. కుర్చీ ఊపింది ఎవరు? బోర్డే కదా. వెనక రెండో జత సెంటర్‌బ్యాక్‌లని కొనుంటే ఆ సంతకం అవసరమయ్యేదా?

గాజువాక గూనర్:
చెల్సీకి రెండు జట్లున్నాయి కదా, వాళ్ళని చూడండి. అదే 2024-25లో అప్పటి మేనేజర్ మరెస్కా, యూరప్‌లో మూడో స్థాయి పోటీ కాన్ఫరెన్స్ లీగ్ మొదటి దశకి స్టార్ ఆటగాడు కోల్ పామర్ పేరే నమోదు చేయలేదు. గురువారం ఒక జట్టు, ఆదివారం ఇంకో జట్టు. కప్పూ గెలిచారు, లీగ్‌లో నాలుగో స్థానమూ తెచ్చుకున్నారు. తరవాత అమెరికా వెళ్ళి జులై 13న పీఎస్‌జీని 3-0తో కొట్టి క్లబ్ వరల్డ్ కప్ కూడా పట్టుకొచ్చారు.

పెన్నూ కాగితం:
నలభై మందికి జీతాలివ్వగలిగినవాడికి రొటేషన్ (ఆటగాళ్ళని మార్చి మార్చి ఆడించడం) వ్యూహం, లేనివాడికి అదే నేరం. నిజంగానే నేరం! 2009 డిసెంబరులో వుల్వ్స్ మేనేజర్ మిక్ మెకార్తీ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గోల్‌కీపర్ తప్ప పది మందినీ మార్చేశాడు. తరవాతి ఆదివారం బర్న్‌లీ మీద గెలవడమే తన లక్ష్యం, గెలిచాడు కూడా. ఆ సీజన్ వుల్వ్స్ నిలబడింది. బహుమానంగా 25 వేల పౌండ్ల సస్పెండెడ్ జరిమానా. మరుసటి సీజన్‌లో బ్లాక్‌పూల్ అదే చేస్తే 25 వేలు నిజంగానే కట్టించారు. ఈ రోజు పెద్ద క్లబ్ పది మందిని మారిస్తే వ్యాఖ్యాతలు "స్క్వాడ్ డెప్త్ చూశారా" అంటారు.

రాత్రి ఒంటిగంటన్నర:
మా లివర్‌పూల్ పద్ధతి ఇంకా బాగుంది. 2019 డిసెంబరు 17న విల్లా మీద లీగ్ కప్ క్వార్టర్‌ఫైనల్, మర్నాడే ఖతార్‌లో క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్. అప్పటి మా మేనేజర్ క్లాప్ మొదటి జట్టుతో ఖతార్ వెళ్ళిపోయాడు, పిల్లలు విల్లా చేతిలో 5-0 తిన్నారు. ఒకే క్లబ్, రెండు ఖండాలు, ఇరవై నాలుగు గంటలు. అప్పటినుంచి క్యాలెండర్ తగ్గిందా? ఎఫ్ఏ కప్ రీప్లేలు (డ్రా అయితే మళ్ళీ ఆడే మ్యాచ్‌లు) 2024-25 నుంచి తీసేశారు, సంతోషం. అదే సీజన్‌లో ఛాంపియన్స్ లీగ్ మొదటి దశని ఆరు మ్యాచ్‌ల నుంచి ఎనిమిదికి పెంచారు. కుడి చేత్తో ఇచ్చి ఎడమ చేత్తో లాక్కున్నారు. 2024 సెప్టెంబరులో ఆటగాళ్ళు సమ్మెకి దగ్గర్లో ఉన్నారని మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోద్రి అన్నాడు. ఆ వారాంతంలోనే ఆర్సెనల్ మీద మోకాలి లిగమెంట్ తెగింది. సిటీ ఆ తరవాత ఎలా కూలిందో అందరం చూశాం. కానీ వాళ్ళ మేనేజర్ గ్వార్డియోలాని ఎవరూ తీసేయలేదు.

ఉప్పల్ రెడ్:
మ్యాచ్‌లు ఎక్కువై ఏడుస్తున్నరా మీరు? మా హైదరాబాద్ ఎఫ్‌సీ 2022ల ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. 2025కి క్లబ్బే ఢిల్లీకి పోయింది. ఆ సీజన్ ఐఎస్ఎల్ ఎప్పుడు మొదలైతదో జులైల ఎవరికీ తెల్వకుండె. మాకు ఫిక్చర్ కంజెషన్ (మ్యాచ్‌ల రద్దీ) అంటే కల, అన్నా. ఇగ దీని గురించి మాట్లాడితే థ్రెడ్ పక్కదారి పడతది, వదిలేయుండ్రి.

గాజువాక గూనర్:
వదిలేయకు, దానికి వేరే థ్రెడ్ పెట్టు, వస్తాను.

సరే, కాకినాడ గురూ. మీవాడికి న్యాయం జరగలేదనుకుందాం. సెప్టెంబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తీసుకుంది. 39 రోజులు, ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు లేదు, అక్టోబరు 18న ఇంటికి. దీనికేమంటారు?

కాకినాడ స్పర్:
సీజన్ మొదలయ్యాక, వెనక కూర్చుని ఆడటానికి అలవాటైన జట్టుని అప్పజెప్పి, మళ్ళీ గురువారం-ఆదివారం తిరగలిలో వేసి, సర్దుకోవడానికి చాలినంత ట్రైనింగ్ కూడా దొరకనివ్వకుండా ముప్పై తొమ్మిది రోజుల్లో తీర్పు చెప్పేశారండి. దాంతో ఆంజ్ గురించి ఏం రుజువైంది?

ఫిజియో అక్క:
ఒక్కటి రుజువైంది. వారం మధ్యలో ట్రైనింగ్ దొరకనప్పుడు ఆయన ఆట తీరు ఎక్కించడం కుదరదు. అలాంటి మేనేజర్‌ని ఛాంపియన్స్ లీగ్ ఆడబోయే జట్టుకి ఉంచడం సబబా అన్నదే జూన్‌లో మీ బోర్డు ముందున్న ప్రశ్న. నేనైతే తీసేసేదాన్ని. కాకపోతే ఆ డిసెంబరు నిర్ణయంలో చేయి ఉన్న మిగతావాళ్ళనీ అడిగేదాన్ని.

పెన్నూ కాగితం:
కాకినాడ గారూ, సూటిగా అడుగుతాను. 2025 మే ఒకటిన మీ ముందు రెండు కాగితాలు పెట్టారనుకోండి. ఒకదాంట్లో ఐదో స్థానం, కప్పు లేదు, ఆంజ్ ఉంటాడు. రెండోదాంట్లో 17వ స్థానం, కప్పు, ఆంజ్ పోతాడు. దేని మీద సంతకం పెడతారు?

కాకినాడ స్పర్:
రెండోదే. క్షణం ఆలోచించను. పదిహేడేళ్ళు ఎదురుచూశామండి. కానీ ఆ కాగితం ఆంజ్ ముందు పెట్టినా ఆయనా దాని మీదే సంతకం పెట్టేవాడు. బోర్డుకి కోపం అక్కడే.

ఉప్పల్ రెడ్:
లెవీ గూడ సెప్టెంబర్‌ల పోయిండు గదా. ఆయన ముందు ఏ కాగితం పెట్టిన్రో!