రజ మూడు రోజులూ మనమూ నాగలి ఆపాలా?

మహేంద్రతనయ ఒడ్డు:
మాది మహేంద్రతనయ ఏటి ఒడ్డు. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం వైపు తెలుగు రైతులకి ఈ ప్రశ్న. 1936లో ఒడిశా సరిహద్దు గీసినప్పుడు పర్లాకిమిడి సంస్థానం రెండు ముక్కలైంది గానీ మన మళ్లూ ఒడియావాళ్ల మళ్లూ ఇప్పటికీ గట్టు పక్కన గట్టే. మనకి జ్యేష్ఠ పున్నమికి ఏరువాక: ఎడ్లని కడిగి, నాగలికి పసుపు రాసి తొలి చాలు వేస్తాం. వాళ్లకి జూన్ నడిమిన రజ పండగ. మిథున సంక్రాంతికి ముందురోజు మొదలై మూడు రోజులు భూమి బహిష్టులో ఉంటుందని దున్నరు, తవ్వరు. నాలుగోనాడు వసుమతి స్నానం, అంటే భూదేవి స్నానం అయ్యాకే నేల ముడతారు. 2022లో ఏరువాకా, రజ మొదటి రోజూ జూన్ 14నే పడ్డాయి. మా పక్క మడిలో ట్రాక్టరు దిగితే గట్టు అవతలి ఒడియా పెద్దాయన పల్లెత్తు మాట అనలేదు. చూసి, తలదించుకుని ఇంటికి పోయాడు. ఆపాలనే నా మాట.

కౌలు రైతు:
మాస్టారూ, మీది సొంత భూమి, నాది కౌలు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి, అదీ పదును. మన బంకనేలలో తొందరపడితే మట్టి నాగలికి అంటుకుంటుంది, ఆగితే పెళ్లలు రాళ్లవుతాయి. పదునున్న రోజునే ఊరందరికీ ట్రాక్టరు కావాలి. ఆకుమడి (నారుమడి) వెనకబడితే ఉభాలూ (నాట్లూ) వెనకబడతాయి. నేనూ మట్టి కళ్లకద్దుకునే మళ్లో దిగుతాను. దున్నడం భూమికి అపచారమెలా అవుతుంది?

బరంపురం కోడలు:
శ్రీకాకుళంలో పుట్టి ఒడియా ఇంటికి వచ్చాను. పుట్టింట్లో ముట్టయితే మూల కూర్చోబెట్టేవారు. ఇక్కడ భూమికి అదే వస్తే ఆడపిల్లలకి కొత్త బట్టలు, ఉయ్యాలలు, పోడపిఠా అనే పిండివంట! సన్నికల్లు కూడా కదపరు. నాలుగోనాడు దానికి పసుపునీళ్ల స్నానం చేయించి, సిందూరం దిద్ది పూలు పెడతారు. రజ అంటే నాకు ప్రాణం. అయినా అడుగుతున్నాను: ఆ మూడు రోజులూ కూలికెళ్లే ఆడవాళ్లకి డబ్బెవరిస్తారు? భూమికి సెలవు, వాళ్లకి పస్తు.

కౌలు రైతు:
నేను అడిగేదీ అదే అమ్మా. నమ్మకం ఊరందరిదీ, నష్టం మాత్రం భూమి లేనివాళ్లదీనా?

మహేంద్రతనయ ఒడ్డు:
న్యాయమే. ఆపమనే భూస్వామే ఖర్చూ భరించాలి. వాన ముందే పడితే రజలోపే దుక్కి అయ్యేలా ట్రాక్టరు నేను మాట్లాడతాను. ఆ మూడు రోజుల కూలీ ముందే చేతిలో పెడతాను.

కౌలు రైతు:
సరిగ్గా రజ మొదటి రోజునే వాన పడితే?

మహేంద్రతనయ ఒడ్డు:
అప్పుడూ ఆపాలనే అంటాను. పదును పోతే మలి దుక్కి ఖర్చు నాది, ఆ మేరకు కౌలూ తగ్గిస్తాను.

కౌలు రైతు:
మన కౌళ్లన్నీ నోటిమాటే కదా మాస్టారూ. ఇది మాత్రం కాగితం మీద పెట్టించండి, నేనూ నాగలి ఆపుతాను.