ఏఎల్‌పీ (రక్తంలో కొలిచే ఒక ఎంజైమ్) ఒక్కటే మోడల్‌ను లివర్ జబ్బు వైపు గుంజుతున్నది, డాక్టర్‌కు ఎట్ల వివరించాలె?

మునుగోడు_డేటా:
రక్తపరీక్ష రిపోర్టు చూసి లివర్ జబ్బును ముందుగా పట్టే మోడల్ కడుతున్న. ఎక్స్‌జీబూస్ట్ (చిన్న చిన్న నిర్ణయ చెట్లను కలిపి అంచనా కట్టే పద్ధతి) వాడిన. ట్రైనింగ్‌కు యూసీఐ అనే డేటా భండారంలో ఉన్న ఐఎల్‌పీడీ (ఇండియన్ లివర్ పేషెంట్ డేటాసెట్) డేటా: 583 మంది, అందులో 416 మంది లివర్ రోగులు. అక్యురసీ 73 శాతం. మన నల్గొండ వైపు రిపోర్టు ఒకటి, పేరు తీసేసి పెట్టి చూసిన. మగ, 52 ఏండ్లు, టోటల్ బిలిరుబిన్ 0.8, డైరెక్ట్ 0.2, ఎస్‌జీపీటీ 28, ఎస్‌జీవోటీ 31 (ఈ రెండూ లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైములు), అల్బుమిన్ 4.0, ఏఎల్‌పీ 410. మోడల్ 72 శాతం లివర్ జబ్బు అంటున్నది.

షాప్ లెక్క (ఏ అంశం అంచనాను ఎంత పైకో కిందికో జరిపిందో చూపేది): బేస్ (మోడల్ మొదలుపెట్టే అంకె) 0.91, ఏఎల్‌పీ +1.10, వయసు +0.20, డైరెక్ట్ బిలిరుబిన్ −0.55, ఎస్‌జీవోటీ −0.30, ఎస్‌జీపీటీ −0.25, అల్బుమిన్ −0.15, మిగతావి సున్న దగ్గర. "అన్నీ నార్మల్ ఉన్నయి, ఏఎల్‌పీ ఒక్కదానికే లివర్ అంటవా?" అని డాక్టర్ అడిగితే ఏం చెప్పాలె?

మూసీగట్టు:
తమ్ముడు, ఏఎల్‌పీ కంటే ముందు ఆ బేస్ 0.91 చూడు. షాప్ విలువలు లాగ్-ఆడ్స్‌లో (జబ్బు ఉండే, లేకపోయే అవకాశాల నిష్పత్తికి లాగరిథమ్) ఉంటయి, అన్నీ కలిపితే 0.96, దాన్ని శాతంలోకి మారిస్తే 72. బేస్ ఒక్కదాన్నే మార్చి చూడు, 71 వస్తది. అంటే ఆ మనిషి గురించి ఒక్క ముక్క తెల్వకముందే నీ మోడల్ 71 శాతం రోగి అనుకుని మొదలుపెడుతున్నది. ఎందుకంటే 583లో 416 అంటే అదే 71 శాతం. నీ 73 శాతం అక్యురసీ కూడా అందరినీ రోగులే అని చెప్పేదానికంటే రెండు పాయింట్లే ఎక్కువ.

ఊర్లో క్యాంపుకు వచ్చినోళ్లల్లో నూటికి పది మందికి జబ్బు ఉంటదని అనుకుందాం, ఉదాహరణకే. అప్పుడు బేస్ −2.20 కావాలె. 3.11 తగ్గించు: 0.96 కాస్త −2.15 అయితది, అంటే 10 శాతం. అదే రక్తం, అదే మోడల్, 72 పోయి 10 వచ్చింది. డాక్టర్‌కు ఈ సవరణ చెయ్యకుండ శాతం చూపిస్తే ఎంత మంచి వివరణ అయినా పక్కదారే పట్టిస్తది. స్మోట్ (తక్కువున్న గుంపుకు కృత్రిమ వరుసలు చేర్చే పద్ధతి) గానీ, స్కేల్-పాస్-వెయిట్ (ఒక గుంపుకు బరువు మార్చే సెట్టింగ్) గానీ వాడినవంటే బేస్ మళ్ల మారుతది, అప్పుడు క్యాలిబ్రేషన్ (మోడల్ చెప్పే శాతం నిజంతో సరిపోయేటట్టు సరిచెయ్యడం) విడిగా చెయ్యి. స్మోట్‌ను ఫోల్డ్ (డేటాను ట్రైనింగ్, టెస్ట్‌గా విడగొట్టిన ప్రతి విడత) లోపలనే, ట్రైనింగ్ భాగం మీదనే నడపాలె. స్ప్లిట్‌కు ముందే నడిపితే టెస్ట్‌లోని మనుషుల నీడలు ట్రైనింగ్‌లకు వచ్చేస్తయి. ఆ డేటాలో అచ్చంగ ఒకే తీరు ఉన్న వరుసలు 13 ఉన్నయి, ముందు వాటిని తీసెయ్.

ఇంకోటి. టోటల్, డైరెక్ట్ బిలిరుబిన్ జంటగానే పెరుగుతయి. షాప్ ఆ బలాన్ని రెండింటికీ పంచుతది, సీడ్ (మోడల్‌కు ఇచ్చే యాదృచ్ఛిక మొదటి అంకె) మారిస్తే పంపకం కూడా మారుతది. డాక్టర్‌కు రెండింటినీ కూడి "బిలిరుబిన్" అని ఒకే పట్టీ చూపు. లైమ్ (షాప్ లాంటిదే ఇంకో వివరణ పద్ధతి) జోలికి పోకు, ఒకే రిపోర్టుకు రెండుసార్లు నడిపితే రెండు తీర్ల జవాబు రావచ్చు. ఆడవాళ్లు ఇందులో 142 మందే, వాళ్ల సెన్సిటివిటీ (నిజమైన రోగులల్ల మోడల్ పట్టినోళ్ల వాటా) వేరుగా లెక్కగట్టు.

పాలమూరు_బయోకెమ్:
మూసీగట్టు అన్న చెప్పిన లెక్క సరే. కానీ ఏఎల్‌పీ సంగతి ల్యాబ్ వైపు నుంచి చూడాలె. ఏఎల్‌పీ లివర్ సొత్తు ఒక్కటే కాదు, ఎముకల నుంచి కూడా వస్తది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్ల ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినోళ్లకు ఎముకల ఏఎల్‌పీ పెరిగి ఉండొచ్చు. ఇప్పుడు భగీరథ నీళ్లు తాగుతున్నా ఎముకల్ల పేరుకున్న ఫ్లోరైడ్ ఒక్కనాడు పోయేది కాదు. ఐఎల్‌పీడీ డేటా ఈశాన్య ఆంధ్రప్రదేశ్ నుంచి సేకరించింది. ఏఎల్‌పీ ఎముకల నుంచి వచ్చిందా, పిత్తనాళాల నుంచి వచ్చిందా అని విడదీసే కాలమ్ ఒక్కటి కూడా దాంట్ల లేదు. మరి మోడల్ ఎట్ల నేర్చుకుంటది?

ఇంకో చిక్కు: ఆ డేటాలో ఏఎల్‌పీ సగటే 290 దాకా ఉంటది. మన ల్యాబ్‌లల్ల పెద్దోళ్లకు పై హద్దు 130 దగ్గర రాస్తరు. పద్ధతి వేరైతే అంకె వేరు. అందుకే యూనిట్లు నేరుగ పెట్టకు, రిపోర్టు మీద ఉన్న పై హద్దుతో భాగించి పెట్టు. 410ని 130తో భాగిస్తే 3.15. ఎస్‌జీపీటీ 28ని దాని పై హద్దు 40తో భాగిస్తే 0.7. 0.7ని 3.15తో భాగిస్తే 0.22. దీన్నే ఆర్ విలువ అంటరు: 5 దాటితే లివర్ కణాల దెబ్బ, 2 లోపు ఉంటే పిత్తం ఆగిన తీరు. ఇక్కడ 2 లోపే ఉంది, బిలిరుబిన్ మాత్రం నార్మల్. అట్లాంటప్పుడు జీజీటీ (లివర్, పిత్తనాళాల ఎంజైమ్, ఎముకలది కాదు) పరీక్ష చెయ్యాలె. జీజీటీ నార్మల్ వస్తే ఆ ఏఎల్‌పీ చాలావరకు ఎముకలదే. జీజీటీ పెరిగితే మాత్రం లివరే అని ఖాయం చెయ్యకు, మందు తాగినా, ఫెనిటోయిన్ (మూర్ఛ) గోలీలు వేసుకున్నా పెరుగుతది.

ఎస్‌జీవోటీ విషయంల కూడా జాగ్రత్త. పీహెచ్‌సీ నుంచి హబ్ ల్యాబ్‌కు వచ్చేసరికి ట్యూబ్‌ల రక్తకణాలు పగిలి, సీరం ఎర్రగ కనిపిస్తే ఎస్‌జీవోటీ అబద్ధంగ పెరుగుతది. బిలిరుబిన్ ఎండ తగిలితే తగ్గుతది.

మునుగోడు_డేటా:
అన్న, మేడం, మంచిగ అర్థమైంది. ఐఎల్‌పీడీలో జీజీటీ లేదు, ప్లేట్‌లెట్లు లేవు. ఇప్పుడు మోడల్‌ను పారేయాల్నా?

దేవరకొండ_ఫిజీషియన్:
పారేయకండి, పని మార్చండి. "లివర్ జబ్బు ఉంది, లేదు" అని కాకుండ "తర్వాత ఏ పరీక్ష" అని చెప్పించండి. మోడల్ ముందు ఒక చిన్న నియమం పెట్టండి: హద్దుతో భాగించిన ఏఎల్‌పీ 1.5 దాటి, ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ హద్దులోనే ఉంటే శాతం చూపొద్దు, జీజీటీ అడగాలె. ఎదిగే పిల్లలు, గర్భిణుల రిపోర్టులు మొదట్లోనే పక్కన పెట్టండి. వాళ్లకు ఏఎల్‌పీ పెరగడం సహజమే.

ప్లేట్‌లెట్లు సీబీపీలో (రక్తకణాల లెక్క పరీక్ష) ఎట్లాగూ ఉంటయి. ఫ్యాటీ లివరో, హెపటైటిసో ఉందని తెలిసినోళ్లకు ఫిబ్-4 (లివర్ ఎంత గట్టిపడిందో అంచనా కట్టే స్కోరు) పక్కనే చూపండి. వయసును ఎస్‌జీవోటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్లు, ఎస్‌జీపీటీ వర్గమూలం రెండింటి లబ్ధంతో భాగించాలె. ఈయన ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు అనుకుంటే 210 అని వేలల్ల వెయ్యాలె, లక్షలు కాదు. 1612ని 1111తో భాగిస్తే 1.45. 1.3 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడడం) ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. నడుమ పడితే ఫైబ్రోస్కాన్ (లివర్ గట్టితనం కొలిచే స్కాన్). 65 ఏండ్లు దాటినోళ్లకు కింది హద్దు 2.0. ఇది మీ మోడల్ కంటే చిన్న లెక్కే, కానీ డాక్టర్ చేత్తో వేసి సరిచూసుకోగలడు. ఆ నమ్మకం పట్టీల బొమ్మతో రాదు.

రంగుల గ్రాఫ్ బదులు రిపోర్టు కింద ఇట్ల అచ్చువేయండి: "ఏఎల్‌పీ హద్దుకు 3.15 రెట్లు. ఎస్‌జీపీటీ, ఎస్‌జీవోటీ, బిలిరుబిన్ హద్దులోనే. లివర్‌దో, ఎముకలదో ఈ రిపోర్టుతో తేలదు. జీజీటీ చేయించాలి. నార్మల్ వస్తే విటమిన్ డి, మూత్రంలో ఫ్లోరైడ్, ముంజేతి ఎక్స్‌రే."