సినిమా పేరు కావాలి: ఏటవాలు పొలానికి నీళ్లు మోసే కుటుంబం

సగంగుర్తు:
విదేశీ సినిమా. భాష గుర్తులేదు, నటుల పేర్లు తెలియవు. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

ఏటవాలుగా ఉన్న మెట్ట నేల. నీళ్లు ఎక్కడో దూరాన ఉంటాయి, మోసుకొచ్చి మొక్కలకు పోయాలి. భార్య భుజాన కావడి, రెండు వైపులా బొక్కెనలు. ఒకసారి బొక్కెన ఒలికిపోతే భర్త ఆమె చెంప మీద కొడతాడు. మాటలు చాలా తక్కువ. ఆకాశం నల్లబడి ఉరుముతుంది కానీ వాన వీళ్ల పొలం మీద పడకుండా దాటిపోతుంది, అతను పైకి చూసి అరుస్తాడు. తర్వాత బావి కోసం డైనమైట్ పేల్చి, రాయి తగిలి చనిపోతాడు. ఒక చిన్నపాప కేక పెడుతుంది. చివర్లో సామానంతా బండికెక్కించుకుని చీకట్లో వెళ్లిపోతారు, పొరుగువాళ్లు చూస్తూ నిలబడతారు. నలుపు తెలుపు సినిమా అనే అనుకుంటున్నాను.

ద గుడ్ ఎర్త్ కాదు, అందులో మిడతల దండు వస్తుంది. ద గ్రేప్స్ ఆఫ్ రాత్ కూడా కాదు, అందులో లారీ మీద పోతారు.

పాతరీలు:
దో బిఘా జమీన్ అయ్యుంటుందా? 1953, నలుపు తెలుపు, రైతు కుటుంబమే.

కావడిబద్ద:
అది కాదండి. అందులో సమస్య అప్పు. భూమి నిలబెట్టుకోవడానికి బల్‌రాజ్ సాహ్నీ కలకత్తా వెళ్లి రిక్షా లాగుతాడు. నీళ్లు మోసే పని కథలో లేదు.

కావడి, ఒలికిన బొక్కెన, చెంపదెబ్బ, ఈ మూడూ కలిసి ఉన్నది జపాన్ సినిమా ద నేకెడ్ ఐలండ్‌లో. 1960, దర్శకుడు కనెటో షిండో. భార్యగా నోబుకో ఒటోవా, భర్తగా తైజి తొనొయామా. సముద్రం మధ్య చిన్న దీవి, దాని మీద ఒకే ఒక్క కుటుంబం, గుక్కెడు మంచినీళ్లు లేవు. పడవలో పక్క దీవికి వెళ్లి, చెక్క బొక్కెనలు నింపుకుని, తెడ్డు వేసుకుంటూ తిరిగొచ్చి, కావడి ఎత్తుకుని నిటారు దారిలో పైకెక్కుతారు. పైకెక్కాక గరిటెతో ఒక్కో మొక్క మొదట్లో కొంచెం కొంచెం పోస్తారు. సినిమా అంతా సంభాషణలు లేవనే చెప్పాలి. సంగీతం, నీళ్ల చప్పుడు, అడుగుల చప్పుడు, అంతే.

అయితే ఇందులో బావి లేదు, డైనమైట్ లేదు, తండ్రి చనిపోడు. పిల్లలు ఇద్దరూ మగపిల్లలు. పెద్దవాడికి జబ్బు చేస్తుంది, తండ్రి పరిగెత్తి వైద్యుణ్ణి తీసుకొచ్చేసరికి ప్రాణం పోయి ఉంటుంది. ఆ తర్వాత ఒకరోజు తల్లి మోసుకొచ్చిన నీళ్లన్నీ ఒలకబోసి, మొక్కలు పీకేసి, నేల మీద పడి ఏడుస్తుంది. ఈసారి భర్త చెయ్యి ఎత్తడు. నిలబడి చూసి, మళ్లీ నీళ్లు పోయడం మొదలుపెడతాడు. కాసేపటికి ఆమె కూడా లేస్తుంది. మొదటి చెంపదెబ్బ ఎందుకు పెట్టారో ఈ దృశ్యంతో గానీ పూర్తిగా అర్థం కాదు. ఇది గనక మీకు గుర్తొస్తే, మీ మొదటి సగం ఈ సినిమాదే.

మెట్టసేద్యం:
రెండో సగం నేను చెప్తాను. దాటిపోయే వాన, డైనమైట్, పాప కేక, ఇవి ఫ్రెంచ్ సినిమా జాఁ ద ఫ్లోరెత్‌లోవి. 1986, దర్శకుడు క్లోద్ బెరి. ఇది రంగుల సినిమా, నిండా మాటలు. నలుపు తెలుపు టీవీలో చూసి ఉంటే రంగు గుర్తును లెక్కలోంచి తీసేయండి.

జాఁ పాత్రలో జెరార్ దెపార్దియు. గూని ఉన్న మనిషి, పట్నం నుంచి భార్యతో, మనోఁ అనే చిన్న కూతురితో వస్తాడు. పుస్తకాలు చదివి కుందేళ్ల పెంపకం, వాటి మేతకు గుమ్మడి లాంటి తీగపంట వేయాలని ప్రణాళిక. ఆ పొలంలోనే ఊటబుగ్గ ఉంది. ఆ నేల మీద కన్నేసిన ముసలాయన (ఈవ్ మోంతాఁ), అక్కడ కార్నేషన్ పూలు పెంచాలనుకునే అతని మేనల్లుడి వరస కుర్రాడు ఉగొలిన్ (దానియెల్ ఒతెయ్), ముందే సిమెంటుతో ఆ బుగ్గను మూసేసి ఉంటారు. జాఁకి అది తెలియదు. దూరాన ఉన్న ఇంకో బుగ్గ నుంచి ఇంటిల్లిపాదీ నీళ్లు మోస్తారు. కంచరగాడిదను అడిగితే ఉగొలిన్ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటాడు.

ఇక్కడ వ్యవసాయ లెక్క ఒకటి చూడాలి, సినిమాకు ప్రాణం అదే. చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వానతో సమానం. మండు వేసవిలో పచ్చగా పెరిగిన తీగకు రోజుకు ఐదు మిల్లీమీటర్లు కావాలనుకుంటే, ఒక్క సెంటు నేలకే 200 లీటర్లు. కావడికి 30 లీటర్ల చొప్పున ఏడు సార్లు తిరగాలి. ఎకరానికైతే 20 వేల లీటర్లు, దాదాపు 670 కావళ్లు, అదీ ఒక్క రోజుకే. జాఁ సోమరి కాదు, మూర్ఖుడూ కాదు. సగటు వర్షపాతం చూసుకుని పంట వేశాడు. సగటు అనేది ఏ ఏడాది ఏ వారంలో వాన పడుతుందో చెప్పదు. పడాల్సిన వారంలో అది కొండ అవతలే కురిసిపోయింది, ఆ మీద వేడిగాలి వచ్చి ఆకు మాడ్చేసింది. నేకెడ్ ఐలండ్ జంట గరిటెతో మొదట్లోనే పోయడానికి కారణమూ ఈ లెక్కే: నేలంతా తడపడం మనిషి భుజం వల్ల కాదు, వేరు దగ్గర మట్టిని తడిపితే చాలు.

పాప కేక సంగతి: జాఁ చనిపోయాక ముసలాయన, ఉగొలిన్ ఇద్దరూ బుగ్గకు కొట్టిన సిమెంటు తీసేస్తూ సంతోషపడుతుంటే మనోఁ చాటునుంచి చూసి కేక పెడుతుంది. వాళ్లు దాన్ని గద్ద అరుపు అనుకుంటారు.

సగంగుర్తు:
తల్లి మొక్కలు పీకడం చదవగానే గుర్తొచ్చింది, అది ఖాయం. సిమెంటు తీసే దృశ్యం కూడా. మౌత్ ఆర్గాన్ మీద ఒక దిగులు పాట పదే పదే వినిపించేది, అది దేనిది? బండి మీద వెళ్లిపోవడం ఈ రెండింట్లో దేన్లో ఉంది?

మెట్టసేద్యం:
మౌత్ ఆర్గాన్ జాఁ ద ఫ్లోరెత్‌దే, జాఁయే వాయిస్తాడు. ఆ బాణీ ఇటలీ స్వరకర్త వెర్ది ఒపెరా (పాటల నాటకం) లా ఫోర్త్సా దెల్ దెస్తినో నుంచి తీసుకున్నది.

కావడిబద్ద:
బండి మూడో సినిమాది అనిపిస్తోంది: ఎర్మన్నో ఓల్మి తీసిన ద ట్రీ ఆఫ్ వుడెన్ క్లాగ్స్, 1978, ఇటలీ. ఆ ఏడాది కాన్ సినిమా ఉత్సవంలో అత్యున్నత బహుమతి పాం దోర్ దీనికే. 19వ శతాబ్దం చివర, బెర్గమో ప్రాంతంలో ఒకే ప్రాంగణంలో ఉండే కౌలు కుటుంబాలు. నటించినవాళ్లు వృత్తి నటులు కాదు, అక్కడి రైతులే. బడికి వెళ్లే చిన్నవాడి చెక్క చెప్పు విరిగితే, కొత్తది చెక్కడానికి తండ్రి భూస్వామి చెట్టు ఒకటి దొంగచాటుగా నరుకుతాడు. చెట్టు కూడా యజమానిదే కాబట్టి, విషయం బయటపడ్డాక కుటుంబాన్ని వెళ్లగొడతారు. బండికి సామానెత్తుతుంటే పొరుగువాళ్లు బయటకు రారు. ఆ కుటుంబం కదిలి వెళ్లాకే వచ్చి చూస్తారు. నిడివి మూడు గంటల పైనే. చెక్క చెప్పు గుర్తులేకపోయినా, పందిని కోసే దృశ్యమో, కోళ్ల ఎరువు వేసి అందరికన్నా ముందు టమాటా పండించే ముసలాయనో గుర్తున్నారేమో చూడండి.

పాతరీలు:
వెతకాలనుకునేవాళ్లకు ఒక మాట. రైతు సినిమాలన్నిట్లో కథ ఇంచుమించు ఒకటే: అప్పు, కరవు, వెళ్లగొట్టడం. అందుకే "కరవు రైతు సినిమా" అని వెతికితే వందల పేర్లు వస్తాయి, ఏదీ తేలదు. పని ఎలా చేశారో రాయండి. నీళ్లు దేనితో మోశారు, నాగలికి ఏం కట్టారు, పంట ఏమిటి, పిల్లలు ఎందరు, ఆడా మగా. పైన కావడి, డైనమైట్, బండి అన్న మూడు మాటలే మూడు సినిమాలను విడదీశాయి.

తెర కొలత కూడా చూడండి. నేకెడ్ ఐలండ్, జాఁ ద ఫ్లోరెత్ రెండూ వెడల్పు తెర సినిమాలు. పాత టీవీ చదరానికి సరిపోయేలా కోస్తే బొమ్మలో నూటికి నలభై వంతులకు పైగా పక్కలకు పోతుంది. పడవ, సముద్రం అంచులకు పోతే దీవి కాస్తా మామూలు కొండలా కనిపిస్తుంది. సగంగుర్తు గారికి సముద్రం గుర్తులేకపోవడం అందువల్లే కావచ్చు. మళ్లీ చూసేటప్పుడు పూర్తి వెడల్పు ప్రతి దొరుకుతుందేమో చూసుకోండి.

మెట్టసేద్యం:
జాఁ ద ఫ్లోరెత్ ఒక్కటే చూసి ఆపకండి. అది కథలో సగమే. అదే ఏడాది వచ్చిన మనోఁ దే సూర్స్ దాని రెండో భాగం. పాప పెద్దదవుతుంది (ఎమాన్యుయెల్ బెయార్), ఈసారి ఊరికి వచ్చే నీటి మూలం ఆమె చేతికి చిక్కుతుంది. రెండూ దాదాపు రెండేసి గంటలు. క్రమం తప్పి రెండోది ముందు చూస్తే ముసలాయన గురించి చివర్లో తెలిసే సంగతికి ఉన్న బరువంతా పోతుంది.