చుట్టున్నర కోసిన స్విఫ్ట్: ఎత్తు అలాగే ఉంచి మెత్తగా చేయొచ్చా, కంపెనీ స్ప్రింగులే వేయాలా?

కూకట్‌పల్లి_కమాను:
పాత ఓనరు స్ప్రింగులు చుట్టున్నర కోయించి ఎత్తు దించేసిన 2018 తరం స్విఫ్టులు సెకండ్ హ్యాండ్‌లో వస్తున్నాయి. కొన్నవాళ్ళందరిదీ ఒకటే మొర: గుంతలో పడితే నడుం పట్టేస్తోంది, సెల్లార్ ర్యాంప్ ఎక్కితే కింద గీసుకుంటోంది. మంచి షాకప్‌లు, టైర్లు వేస్తే సరిపోతుందని కొందరంటారు. నాలుగు స్ప్రింగులూ కంపెనీవి తెచ్చి వేయాల్సిందేనని కొందరంటారు. లెక్కలతో మాట్లాడండి.

స్ట్రట్_లెక్క:
కంపెనీవే వేయాలి. స్ప్రింగు గట్టిపడటం చిన్న నష్టం. చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు పోవడం పెద్ద నష్టం.

ముందు స్ప్రింగు ఒకటి తీసుకుందాం. లెక్కకు వీలుగా పనిచేసే చుట్లు 5.5, గట్టితనం మి.మీ.కి 20 న్యూటన్లు, చుట్టుకీ చుట్టుకీ దూరం 50 మి.మీ., మీద పడే బరువు 2,650 న్యూటన్లు అనుకోండి. కారు నిలబడి ఉంటే అది 132 మి.మీ. కుంగి ఉంటుంది. చుట్టున్నర కోస్తే మిగిలేవి 4 చుట్లు. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది కాబట్టి 20 కాస్తా 27.5 అవుతుంది, అదే బరువుకి 96 మి.మీ. మాత్రమే కుంగుతుంది. పొడవులో 75 పోయింది, కుంగుడులో 36 తగ్గింది. కారు దిగింది 39 మి.మీ.

ఇప్పుడు షాకప్ రాడ్ మీద ఉండే ఫోమ్ ముక్క, బంప్ స్టాప్, దాని సంగతి చూడండి. కంపెనీ ఎత్తులో దాని కింద 40 మి.మీ. సందు ఉందనుకుంటే, దించాక మిగిలింది ఒక్క మిల్లీమీటరు. డ్రైవర్ ఎక్కేసరికి అదీ అయిపోతుంది. ఇక ఆ కారు నడిచేది స్ప్రింగు మీద కాదు, ఫోమ్ మీద. ఎంత ఖరీదైన షాకప్ వేసినా, దాని కింది గొట్టం (బాడీ) పొడవు అదే అయితే ఆ చోటు తిరిగి రాదు.

ఓఆర్ఆర్_రోజూ:
చుట్టు కోయడం తప్పే, అందులో వాదన లేదు. ఎత్తు తగ్గించడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను.

20 నుంచి 25 మి.మీ. దించేలా తయారుచేసిన స్ప్రింగులు వేరు. వాటితోపాటు బాడీ పొట్టిగా ఉండే షాకప్ వేస్తే, మీరు పోయిందంటున్న చోటులో చాలా భాగం తిరిగి వస్తుంది. స్ప్రింగు గట్టిపడినదాని వర్గమూలం లెక్కన షాకప్ పట్టు, అంటే ఊగుడుని ఆపే బలం, కూడా పెరగాలి. మీ ఉదాహరణలో 1.375 రెట్లు గట్టిపడింది, అంటే పట్టు 17 శాతం పెరగాలి. అది పెంచకుండా పాత షాకప్‌లే ఉంచితే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే జాయింట్ల మీద ఎగిరెగిరి పడుతుంది. జనం దాన్నే గట్టి స్ప్రింగు అనుకుంటారు. అవుటర్ రింగ్ రోడ్ మీద గంటకి 120 కి.మీ. దగ్గర లేన్ మారేటప్పుడు ఒద్దికగా దించిన కారు కుదురుగా ఉంటుంది. ఆ సుఖాన్ని ఎందుకు వదులుకోవాలి?

టైర్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఇంకోటి. దించాక అందం కోసం 195/50 ఆర్16 వేస్తారు. టైరు పక్కగోడ 98 మి.మీ.కి పడిపోతుంది. కంపెనీ 165/80 ఆర్14లో అది 132. గుంత దెబ్బని మొదట మింగేది ఆ గోడే. అలాయ్ మోజు మానుకుని 14 అంగుళాలకి వస్తే సగం నడుంనొప్పి తగ్గుతుంది.

రాణిగంజ్_పాన:
అన్నా, ఇద్దరూ అసలు ప్రమాదం చెప్తలేరు. జాకీ మీద చక్రం పూర్తిగా లేపి, స్ప్రింగును చేత్తో పట్టుకొని ఊపుండ్రి. కదిలిందంటే ఆ కారు రోడ్డు మీదికి తేవద్దు. లెక్క సార్ అంకెలతోనే చూస్తే, చక్రం లేపినప్పుడు షాకప్ కిందికి 80 మి.మీ. సాగుతదనుకుంటే, కంపెనీ స్ప్రింగు ఇంకా 52 బిగువుల ఉంటది. కోసినదానికి ఆ 80కి దిగిన 39 కలిపితే సాగే దూరం దగ్గర దగ్గర 120, ఉన్న కుంగుడు 96. అంటే 24 మి.మీ. వదులు. ముందర స్ప్రింగు, షాకప్ ఒకే జత, దాన్నే స్ట్రట్ అంటరు; అది ఆ స్ట్రట్ లోపలనే టకటకమంటది. ఎనకాల స్ప్రింగు వేరు, షాకప్ వేరు కాబట్టి పెద్ద గుంతల చక్రం దిగంగనే స్ప్రింగు సీటు మీదికెళ్లి జరిగిపోతది.

ఇంకో రెండు చూడాలె. స్ప్రింగు కింది కొన కూర్చునేటందుకు సీటుల మెట్టు ఉంటది. కోసిన కొన ఆ మెట్టుకు ఆనకుంటే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చుట్టు తిరిగి టక్కుమంటది. గ్యాస్ మంటతోని కాల్చి కుంగించినవైతే వాటి గురించి మాట్లాడుడే వద్దు, ఉక్కు పదును పోయింటది, తీసి పక్కకు పెట్టుండ్రి. కింద తగులుతున్నదని చుట్ల నడుమ రబ్బరు బఫర్లు ఇరికిస్తరు కొందరు. దాంతోని పనిచేసే చుట్లు ఇంకా తగ్గుతయి, ఎత్తు జరంత పెరుగుతది, గుద్దుడు ఇంకా పెరుగుతది.

స్ట్రట్_లెక్క:
ఓఆర్ఆర్ గారూ, మీరు డ్రైవర్ ఒక్కడే ఉన్న కారు గురించి మాట్లాడుతున్నారు. వెనక ముగ్గురు, డిక్కీలో సామాను, మొత్తం 215 కిలోలు వెనక ఇరుసు మీద పడ్డాయనుకోండి. ఒక్కో స్ప్రింగు మి.మీ.కి 22 న్యూటన్లయితే వెనక భాగం ఇంకో 48 మి.మీ. దిగుతుంది, కారు నడిమధ్య సుమారు 25.

సెల్లార్ ర్యాంప్ అంచుకి ఇది వర్తించి చూడండి. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 2,450 మి.మీ., నేలకి ఎత్తు 163. నిటారుగా ఉండే 1:5 ర్యాంప్ వాలు 11.3 డిగ్రీలు. కంపెనీ ఎత్తులో కారు స్థూలంగా 15 డిగ్రీల అంచు దాటుతుంది, నిండా మనుషులున్నా దాదాపు 13. 39 దించితే ఖాళీగా 11.6, అంటే తగలకుండా అంచు మీద బతుకు. నలుగురు ఎక్కితే 9 చిల్లర. గీసుకోక తప్పదు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, దాని మీద ఇబ్బంది లేదు. కాలనీలో ఎవరికి తోచినట్టు వాళ్ళు పోసిన సిమెంటు దిబ్బలతోనే తంటా.

కుదురు సంగతి కూడా పూర్తి నిజం కాదు. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న ఇలాంటి కారుని దించితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారుకి కలిపే కింది చెయ్యి) బయటి కొన పైకి లేస్తుంది. బరువు కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్, అంటే మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, ఎక్కువ దిగుతుంది, దాంతో ఒరగడం పెరగాలి. గట్టి స్ప్రింగు ఆ లోపాన్ని కప్పిపెడుతుంది, అంతే.

ఓఆర్ఆర్_రోజూ:
39కి మీ లెక్క ఒప్పుకుంటున్నాను. 20కి అదే లెక్క వేయండి: నిండు కారుతో 11 డిగ్రీలు. 1:5 ర్యాంప్ దగ్గర అదీ తక్కువే, కానీ ఇంకాస్త వాలు తక్కువున్న ర్యాంప్ దాటుతుంది. 20 దిగినంతలో ఆర్మ్ దాదాపు సమంగానే ఉంటుంది కాబట్టి రోల్ సెంటర్ భయం కూడా అంత లేదు. రోజూ కుటుంబమంతా ఎక్కే కారైతే కంపెనీ స్ప్రింగులు, ఒక్కరే ఎక్కువగా నడిపేదైతే 20 మి.మీ. సెట్. అక్కడినుంచి కదలను.

కూకట్‌పల్లి_కమాను:
చట్టం మాటేమిటి? రెండోది, బంప్ స్టాప్ మీద కూర్చుందో లేదో విప్పకుండా తెలుసుకునే దారి ఉందా?

స్ట్రట్_లెక్క:
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా బండి మార్చొద్దంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

రాణిగంజ్_పాన:
దారి ఉంది. స్టీరింగ్ ఒక దిక్కు తిప్పి, డస్ట్ కవర్ పైకి జరిపి, షాకప్ రాడ్ మీద సన్న ప్లాస్టిక్ టై కట్టుండ్రి. జరిగేటంత బిగువు చాలు. దాన్ని కింద బాడీకి ఆనిచ్చి, రోజూ పోయే తొవ్వల ఒక పూట నడిపి చూడుండ్రి. బాడీ దాన్ని పైకి నూకుతది. టై ఫోమ్ దాకా పోయి అతుక్కుందంటే కూర్చుంటున్నట్టే. మామూలు గుంతలకే గట్ల అయితే ఫోమ్ కోసుడు ఆలోచన చేయొద్దు, షాకప్ లోపల ఇనుముకు ఇనుము కొట్టుకొని అడుగు వాల్వు పోతది.

కంపెనీవి వేసేటప్పుడు ఎడమ కుడి జతగానే మార్చాలె. టాప్ మౌంట్ బేరింగు, ఫోమ్, డస్ట్ కవర్ కూడా కొత్తవి వేయుండ్రి, ఇన్ని రోజులు నలిగినయి. స్ప్రింగు వదులుగనే ఉంది కదా అని స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ పనిముట్టు లేకుండ పై నట్టు ముట్టొద్దు.

ఇంకొక్కటి, అందరూ మరిచిపోయేది. లోయర్ ఆర్మ్ బోల్టులు, ఎనక బీమ్ బోల్టులు జాకీ మీద ఉండంగ గట్టిగ బిగించొద్దు. ఆ బోల్టుల కాడ బుష్ అని రబ్బరు కీలు ఉంటది, దాని లోపలి గొట్టం బోల్టుతోని బిగుసుకుంటది, బయటి గొట్టం ఆర్ముతోని తిరుగుతది, నడుమ రబ్బరు మెలి పడతది. కారు దిగినంక ఆ మెలి గట్లనే ఉండి, రబ్బరు కూడా ఒక స్ప్రింగు లెక్క తిప్పికొడతది, కొన్ని నెలలల్ల చినుగుతది. బోల్టులు వదులు చేసి, కారు నేల మీద పెట్టి, ముందు ఎనక నాలుగుసార్లు నొక్కి, అప్పుడు కంపెనీ చెప్పిన టార్కుకు బిగియ్యాలె. నాలుగు రోజులు నడిచినంక అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు చూపించుండ్రి. టైరు లోపలి అంచు ముందే అరిగి ఉందేమో కూడా చూపించుండ్రి.