ఇథియోపియాకు పీణ్యా ట్రాన్స్‌ఫార్మర్లు: చుట్లు మార్చి పంపితే సరిపోతుందా?

ప్రశ్న (పీణ్యా, బెంగళూరు)

పీణ్యా పారిశ్రామిక వాడలో డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లు తయారు చేసే ఒక మధ్యతరహా సంస్థలో, డిజైన్ విభాగంలో పని చేస్తున్నాను. ఇథియోపియాకు 200 కేవీఏ (సామర్థ్యపు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ల సరఫరా టెండరులో పాల్గొనాలని మా యాజమాన్యం అనుకుంటోంది. మేము ఇంతవరకు చేసినవన్నీ 11 కేవీ (11 వేల వోల్టులు) / 433 వోల్టులవి; అక్కడి పంపిణీ లైన్లు 15 కేవీ, 33 కేవీ. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) వైపు తీగచుట్టలో చుట్ల సంఖ్య మారిస్తే చాలని సేల్స్ వారు అంటున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. మా ప్రకాశం జిల్లాలో వేసవి వస్తే కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును రైతులే ట్రాక్టరుపై ఎక్కించుకుని రిపేరు షెడ్డుకు తీసుకుపోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ దేశపు కరెంటు సరఫరా నిజంగా బలపడాలంటే మనం ఇక్కడ ఏం చేసి పంపాలి?

జవాబు 1 (రిటైర్డ్ టెస్టింగ్ ఇంజినీరు, బెంగళూరు)

మీ సందేహం సరైనదే. మొదట చూడవలసింది ఎత్తు. ట్రాన్స్‌ఫార్మర్లకు అంతర్జాతీయంగా పాటించే ఐఈసీ 60076 ప్రమాణం సముద్రమట్టానికి 1000 మీటర్ల లోపు ఎత్తును మామూలు పరిస్థితిగా తీసుకుంటుంది. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో, ఆ గీతకు కొంచెం కింద ఉండడం వల్ల మన డిజైనర్లలో చాలామందికి ఆ క్లాజు చదవవలసిన అవసరమే రాదు. అడిస్ అబాబా దాదాపు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచన కాబట్టి రేడియేటరు వేడిని సరిగా వదలలేదు; బుషింగుల (తీగలు ట్యాంకు బయటికి వచ్చే చోట ఉండే ఇన్సులేటర్ల) మధ్య గాలి కూడా తక్కువ వోల్టేజీకే లొంగిపోయి నిప్పురవ్వను దూకనిస్తుంది. సహజ గాలితో చల్లబడే ట్రాన్స్‌ఫార్మరుకు 1000 మీటర్ల పైన ప్రతి 400 మీటర్లకు ఉష్ణోగ్రత పెరుగుదల పరిమితిని 1 డిగ్రీ చొప్పున తగ్గించుకోవాలి. బయట గాలిలో కరెంటు భాగాల మధ్య ఉంచే ఎడాన్ని (దూరాన్ని) 1000 మీటర్ల పైన ప్రతి 100 మీటర్లకు 1 శాతం పెంచాలి. అంటే మీ లెక్కలో మూడు డిగ్రీల పైచిలుకు, 13 శాతానికి పైగా. అందుకే నేనైతే 15 కేవీ లైనుకైనా 24 కేవీ బుషింగులే పెట్టిస్తాను.

షార్ట్ సర్క్యూట్ పరీక్షను పాత 11 కేవీ సర్టిఫికెట్‌తో నెట్టుకురావద్దు. 1960లో ఏర్పడిన సీపీఆర్‌ఐ (ఇలాంటి పరీక్షలు చేసే కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) ఇదే ఊళ్లో ఉండగా ఆ కక్కుర్తి ఎందుకు?

జవాబు 2 (ఎగుమతుల సర్వీస్ విభాగం, చెన్నై)

పై మాటలన్నీ ఫ్యాక్టరీ గేటు వరకే. నేను చూసినది చెబుతాను. ఒక ఆఫ్రికా దేశానికి మేము పంపిన 100 కేవీఏ యూనిట్ కాలిపోయిందని కబురు వస్తే వెళ్లి విప్పించాను. ఒక ఫేజులో ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) చుట్టు బొగ్గైపోయింది. మిగతా రెండూ నిన్న చుట్టినట్టు ఉన్నాయి. ఊళ్లోని కనెక్షన్లన్నీ ఒకే ఫేజుకు ఇచ్చి, ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఇంకాస్త లావు రాగితీగ వేస్తూ వచ్చారు. ట్యాంకులోకి వెళ్లే గాలిలోని తేమను పీల్చే బ్రీదరులోని సిలికా జెల్ నీలంగా ఉండవలసింది గులాబీరంగుకు తిరిగింది, కింది కప్పులో నూనె చుక్క లేదు. తప్పు వాళ్లది మాత్రమే అనలేను. మాన్యువల్ ఇంగ్లీషులో రాసి చేతులు దులుపుకున్నది మేమే.

కాబట్టి వీలైతే బ్రీదరు అవసరం లేని సీల్డ్ ట్యాంకు ఇవ్వండి. ఎల్‌టీ వైపు, లోడు మించితే కరెంటు ఆపే బ్రేకరు కలిపి కోట్ చేయండి. గాస్కెట్లు, బుషింగులు విడిగా పంపండి. సరుకు జిబూటీ రేవులో దిగి కొండదారిలో పైకెక్కాలి కనుక కోర్ బిగింపు రెండుసార్లు చూసుకోండి.

జవాబు 3 (బెంగళూరు)

టెండరు భారత ప్రభుత్వ రుణసాయం కిందిదా, కాదా అన్నది ముందు కనుక్కోండి. ఎగ్జిమ్ బ్యాంకు (భారత ఎగుమతి-దిగుమతుల బ్యాంకు) ద్వారా ఇచ్చే అలాంటి రుణాలలో సాధారణంగా కాంట్రాక్టు విలువలో కనీసం 75 శాతం మన దేశం నుంచే సరఫరా కావాలి. అలాంటప్పుడు అక్కడి లైన్‌మన్ల శిక్షణను కూడా ధరలో చేర్చమని అడిగే వీలుంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. 24 కేవీ బుషింగులతో డ్రాయింగు మొదలుపెట్టాను. బ్రేకరు కలిపితే ధర పెరిగి టెండరు చేజారుతుందని సేల్స్ వారు ఇప్పటికే గొడవ పెడుతున్నారు. జవాబు 2 రాసిన వారు ఆ కాలిన చుట్టు ఫొటో ఉంటే పెట్టగలరా? సోమవారం మీటింగులో చూపించాలి.