కెస్ట్రెల్ వెనక ఏ రేక్ తగిలించాలి?

బెజవాడ_చిన్నరైలు:
అందరికీ నమస్కారం. మా బావగారు యూకే నుంచి వస్తూ నాకో మోడల్ ఇంజన్ తెచ్చారు. పేరు కెస్ట్రెల్, నంబరు హెచ్ఎస్4000. పైన పసుపు, కింద చాక్లెట్ రంగు, మధ్యలో తెల్ల గీత. చూడ్డానికి భలే ఉంది. ఇప్పుడు దాని వెనక ఏ రేక్, అంటే కోచ్‌లో వ్యాగన్లో ఏ వరస తగిలించాలన్నదే సమస్య. గంటకు 200 కిలోమీటర్ల ఇంజన్ కదా, కోచ్‌లు కొందామనుకున్నా. తీరా పాత ఫొటోలు వెతికితే బొగ్గు బళ్లు కనిపిస్తున్నాయి. 4000 హార్స్‌పవర్ ఇంజన్ తయారు చేసి బొగ్గు మోయించడమేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

లీడ్స్_తెలుగోడు:
బ్రదర్, రెండూ లాగింది. ఏ సంవత్సరం అన్నదాన్ని బట్టి రేక్ మారుతుంది. లఫ్‌బరోలోని బ్రష్ కంపెనీలో తయారైంది. బ్రష్ అప్పటికే హాకర్ సిడ్లీ గ్రూపు చేతిలో ఉంది, ఆ 'హెచ్ఎస్' అదే. అక్కడి ప్రభుత్వ రైల్వే అయిన బ్రిటిష్ రైల్ ఆర్డర్ ఇస్తే చేసింది కాదు. కంపెనీయే సొంత డబ్బుతో చేసి, నచ్చితే కొనండి అని 1968 జనవరిలో ట్రయల్స్‌కి ఇచ్చింది. మిగతాది కాజీపేట సార్ చెబితేనే బాగుంటుంది. సార్, ఎక్కడున్నారు?

కాజీపేట_డీజిల్:
ఇక్కడే ఉన్నాను, మనవడి హోంవర్క్ చేయిస్తున్నా.

తమ్ముడూ, హార్స్‌పవర్ సంగతి తర్వాత. ముందు బరువు చూడాలి. షెడ్డులో పనిచేసిన వాడెవడైనా మొదట అడిగేది యాక్సిల్ లోడ్ ఎంతనే. కెస్ట్రెల్ 133 టన్నులు, ఆరు యాక్సిళ్లు. అంటే ఒక్కో యాక్సిల్ మీద 22 టన్నుల పైమాటే. మనం నడిపిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ లోకో అయితే 112.8 టన్నులు, యాక్సిల్‌కి 18.8. దానికే బ్రిడ్జి రిజిస్టర్లు చూసుకుని పంపేవాళ్లం. 22 టన్నుల యాక్సిల్‌తో 200 స్పీడులో పరిగెడితే ప్రతి జాయింటు దగ్గరా పట్టాకు సుత్తిదెబ్బే. బ్రిటిష్ రైల్ సివిల్ ఇంజనీర్లు ఒప్పుకోలేదు. ఆ స్పీడుకి 20 టన్నులు దాటకూడదన్నారు. స్పీడు తీసేస్తే ఇక మిగిలేది లాగే బలం. అందుకే షెఫీల్డ్ దగ్గరి టిన్స్లీ షెడ్డుకి పంపి బొగ్గు కట్టారు. మాన్స్‌ఫీల్డ్ గనుల వైపు నుంచి లింకన్ దాకా 2 వేల టన్నులు దాటిన లోడుతో కూడా ట్రయల్ చేశారు. ఫొటోల్లో మీరు చూసిన బొగ్గు ఇదే.

అలాగని ప్యాసింజర్ వైపు చూడలేదనుకోకండి. 1968 ఆగస్టులోనే క్రూ అనే ఊరి నుంచి కార్లైల్‌కి 20 కోచ్‌ల ట్రయల్ బండి లాగించారు. దారిలో షాప్ అనే ఘాట్ ఉంది, 75కి 1 ఎక్కుడు, అంటే 75 మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. స్టీమ్ రోజుల్లో అక్కడ వెనక నుంచి తోయడానికి బ్యాంకర్ ఇంజన్ రెడీగా ఉండేది. 20 కోచ్‌లతో ఒంటరిగా ఆ ఎక్కుడు ఎక్కిందంటే నాలాంటివాడు టోపీ తీయాల్సిందే.

1969లో కింద చక్రాల ఫ్రేములు మార్చి, బరువు కొంత దించారు. బ్రిటిష్ రైల్ మామూలుగా నడిపే క్లాస్ 47 డీజిల్ లోకోల రకం ఫ్రేములు వేశారు. ఆ అక్టోబరు నుంచి లండన్ కింగ్స్ క్రాస్‌లో ఉదయం 7:55కి బయల్దేరే న్యూకాసిల్ బండికి కట్టారు. మామూలు రోజువారీ బండి, టికెట్ కొన్న జనంతో. ఇటు 430 కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ వెనక్కి. తర్వాత హల్, లండన్ స్ట్రాట్‌ఫర్డ్ మధ్య ఫ్రైట్‌లైనర్ అనే గూడ్స్ సర్వీసు కంటైనర్లు లాగింది.

రైలుపిచ్చి_సికింద్రాబాద్:
బాబాయ్ గారూ, ఒక డౌట్. అదే న్యూకాసిల్ లైన్లో డెల్టిక్ అనే డీజిల్ లోకోలు 3300 హార్స్‌పవర్‌తో తిరిగేవి కదా? వాటికి లేని యాక్సిల్ సమస్య దీనికెందుకు వచ్చింది?

కాజీపేట_డీజిల్:
మంచి ప్రశ్న. డెల్టిక్‌లో చిన్నవి, తేలికైనవి, వేగంగా తిరిగే నేపియర్ కంపెనీ డీజిల్ ఇంజన్లు రెండుంటాయి. లోకో మొత్తం బరువు 100 టన్నుల దగ్గర ఆగింది. కెస్ట్రెల్ లోపల ఒక్కటే డీజిల్ ఇంజన్, 16 సిలిండర్ల సుల్జర్ కంపెనీది. మెయింటెనెన్స్ వాడిగా నాకు ఒక్క ఇంజనే ఇష్టం, డెల్టిక్‌లో పిస్టన్లు లెక్కపెట్టాలంటేనే టెన్షన్. కానీ బరువు దగ్గర సుల్జర్ ఓడిపోయింది.

ఇంకో మాట. ఆ రకం లోకో ఒకే ఒక్కటి ఉంటే లింక్ వేసేవాడికి, అంటే ఏ బండికి ఏ లోకో అని రాసేవాడికి నరకం. డ్రైవర్లకి ప్రత్యేకంగా ట్రైనింగ్ ఇవ్వాలి, స్పేర్లు విడిగా పెట్టాలి. ఈ రోజు ఫెయిలైతే రేపటి బండికి ఏది కట్టాలి? ఆ సుల్జర్‌కే తమ్ముడు, 12 సిలిండర్లది, ఐదు క్లాస్ 47లలో వేసి చూశారు. అవి సతాయిస్తే 1971కల్లా పీకేసి మామూలు ఇంజన్లు పెట్టారు. ఇక కెస్ట్రెల్‌ని పట్టించుకునేదెవరు?

చివరికి బ్రిటిష్ రైల్ వేరే దారి పట్టింది. బండికి అటొకటి ఇటొకటి, 2250 హార్స్‌పవర్ పవర్ కార్లు రెండు. ఒక్కోటి 70 టన్నులు, నాలుగు యాక్సిళ్లు. లెక్క మీరే కట్టుకోండి. హెచ్‌ఎస్‌టీ (హై స్పీడ్ ట్రెయిన్) పేరుతో 1976లో సర్వీసులోకి వచ్చి, ఆ 200 స్పీడు రోజూ అందుకుంది. నా మట్టుకు అదే సరైన నిర్ణయం. అయినా కెస్ట్రెల్‌లో డీజిల్ ఇంజన్‌కి ఆల్టర్నేటర్ (ఏసీ కరెంటు తీసే యంత్రం) తగిలించిన ఆలోచన వృథా పోలేదు, హెచ్‌ఎస్‌టీలో ఉన్నదీ అదే పద్ధతి.

లీడ్స్_తెలుగోడు:
1971లో సోవియట్ యూనియన్‌కి 1,27,000 పౌండ్లకి అమ్మేశారు. కార్డిఫ్ రేవులో ఓడెక్కించారు. అక్కడ 1520 మి.మీ. గేజ్‌కి మార్చి, మాస్కో దగ్గర షెర్బింకా టెస్ట్ ట్రాక్ మీద పరీక్షలకు వాడారు. మళ్లీ తిరిగి రాలేదు, అక్కడే ముక్కలు చేశారు.

బెజవాడ_చిన్నరైలు:
థాంక్స్ సార్, ఇప్పుడు క్లియర్. అంటే మోడల్ కింద చక్రాల ఫ్రేములు చూస్తే ఏ ఏడాదిదో తెలిసిపోతుందన్నమాట. దగ్గర నుంచి ఫొటో తీసి పెడుతున్నా.

కాజీపేట_డీజిల్:
ఫొటో చూశాను. మొదట వేసిన ఫ్రేములే. కాబట్టి 1968, బొగ్గు వ్యాగన్లు కొనుక్కో. నీలం-బూడిద రంగు కోచ్‌లే కావాలంటే షాప్ ట్రయల్ అని చెప్పుకోవచ్చు, కానీ 20 కోచ్‌లు కొనాలి, మీ ఆవిడని ముందే అడుగు. ఫ్రైట్‌లైనర్ కంటైనర్లు మాత్రం దీని వెనక పెట్టకు. తెలిసినవాడు చూస్తే నవ్వుతాడు.